నల్గొండలో ఉండి యాడ్స్, డిజైన్ పని నేర్చుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. నల్గొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి. కాలేజీ ఫ్రెషర్స్ పార్టీకి, ఫెస్ట్‌కి కాన్వాలో పోస్టర్లు చేస్తే అందరూ బాగున్నాయన్నారు. యాడ్ ఏజెన్సీలో పనిచేయాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకి 60 వేలు అడుగుతున్నారు. ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ పెడితే ‘అనుభవం ఉందా’ అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో డిగ్రీ అయ్యేదాకా ఊరు దాటొద్దంటున్నారు. ఇక్కడే ఉండి చేయగలిగింది ఏమైనా ఉందా? ల్యాప్‌టాప్ ఏది కొనాలి?

ఉంది. ఆ 60 వేలు మాత్రం ఇప్పుడు కట్టకు.

వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్మీ, ఏమీ అనుకోకు. నేనూ నల్గొండ ప్రెస్సులో డీటీపీ దగ్గర మొదలుపెట్టినవాడినే. తర్వాత హైదరాబాద్ ఏజెన్సీల్లో ఆర్ట్ వైపు చేసి, ఇప్పుడు సొంతంగా చిన్న స్టూడియో నడుపుతున్నా. ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూసేది నేనే. చాలావరకు ఒకేలా ఉంటాయి. లేని కంపెనీకి లోగో, కాఫీ కప్పు మీద మాకప్ (వస్తువు మీద అతికించి చూపే నమూనా బొమ్మ), గాల్లో తేలే బూటు. చూడ్డానికి మెరుస్తుంటాయి. కానీ ఒక్కటీ ప్రింట్ కాలేదు, ఒక్కదానికీ డబ్బు పెట్టిన మనిషి లేడు, ‘ఇట్ల కాదు, మార్చు’ అన్నవాడు లేడు. అనుభవం ఉందా అని అడిగేవాళ్లు సర్టిఫికెట్ గురించి అడగట్లేదు. నీ పనికి ఎవరైనా డబ్బిచ్చారా, అది గోడకో సంచికో ఎక్కిందా, ఎక్కాక ఏమైందో నువ్వు వెళ్లి చూశావా అని అడుగుతున్నారు. అలాంటి పని రెండో సంవత్సరం కుర్రాడికి హైదరాబాద్‌లో ఎవరూ ఇవ్వరు. నల్గొండలో ఇస్తారు, ఎందుకంటే అక్కడ చేసేవాళ్లు తక్కువ, తొందర ఎక్కువ.

ముందు ఒక మాట తేల్చుకో. యాడ్ ఏజెన్సీ అంటే డిజైన్ ఒక్కటే కాదు. మాటలు రాసేవాళ్లు (కాపీ), బొమ్మ, లేఅవుట్ చూసేవాళ్లు (ఆర్ట్), క్లయింటుతో మాట్లాడి పని తెచ్చి పని చేయించేవాళ్లు (క్లయింట్ సర్వీసింగ్), ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలో లెక్కలు చూసేవాళ్లు (మీడియా) ఉంటారు. నువ్వు బీకాం. లెక్కల మీద చేయి తిరిగితే మీడియా వైపు చాలా తొందరగా ఎదగొచ్చు, ఆ సంగతి మన దగ్గర పిల్లలకి ఎవరూ చెప్పరు. లోపలికి ఏ తలుపు నుంచి వెళ్లావన్నది కూడా అంత ముఖ్యం కాదు. 2025 అక్టోబర్‌లో చనిపోయిన పేరున్న యాడ్ల రచయిత పీయూష్ పాండే 1982లో ఓగిల్వీ అనే పెద్ద యాడ్ ఏజెన్సీలో చేరింది క్లయింట్ సర్వీసింగ్‌లోనే. అంతకుముందు క్రికెట్ ఆడాడు, టీ రుచి చూసే ఉద్యోగం చేశాడు. రాయడం ఆ తర్వాత వచ్చింది. ఆయన గురించి కింద మళ్లీ చెప్తా.

ఇక పని. గడియారం సెంటర్ చుట్టుపక్కల, ప్రకాశం బజార్‌లో, హైదరాబాద్ రోడ్డు వెంబడి ఫ్లెక్సీ షాపులు, ప్రింటింగ్ ప్రెస్సులు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. వాటిలో ఒకదాంట్లో ఒక సీజన్ కూర్చో. ‘ఇంటర్న్‌షిప్ ఇస్తారా’ అని అడిగితే ఓనరుకి అర్థం కాదు, అర్థమైనా భయపడతాడు, కాలేజీ వాళ్లు ఏమైనా కాగితాల మీద సంతకం పెట్టమంటారేమోనని. ‘అన్నా, నాకు కోరల్, ఫొటోషాప్ (డిజైన్ సాఫ్ట్‌వేర్లు) కొంచెం వచ్చు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వచ్చి కూర్చుంటా. తెలుగు టైపింగ్ చేసిపెడతా, ప్రూఫు చూసిపెడతా’ అను. తెలుగు టైపింగ్ అన్న మాటకి తలుపులు తెరుచుకుంటాయి. అది రాకపోతే వెళ్లే ముందు నెల రోజులు కూర్చుని నేర్చుకో. ఎప్పుడు వెళ్లాలంటే, గిరాకీ ఉన్నప్పుడు వెళ్లాలి. పెండ్లి ముహూర్తాలు, మే, జూన్‌లో స్కూళ్ల అడ్మిషన్లు, దసరా, మాఘంలో చెర్వుగట్టు జాతర, ఏవైనా ఎన్నికలు. ఖాళీ రోజుల్లో వెళ్తే ఓనరు ఫోన్ చూస్తుంటాడు, నువ్వూ ఫోన్ చూస్తావు.

అక్కడ ఏం నేర్చుకుంటావో ఒక ఉదాహరణ చెప్తా. ఒకాయన బైక్ ఆపి లోపలికొస్తాడు. ‘మా అన్న బర్త్‌డే, ఎనిమిది ఆరు ఫ్లెక్సీ, గంటలో కావాలి’ అంటాడు. ఫొటోలు వాట్సాప్‌లో పంపుతాడు. పదిహేను మొహాలు, ఒక్కోటి ఒక్కో సైజు, సగం మసక. మొదటి పాఠం: ఫొటోను మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి. రెండోది: ఎనిమిది అడుగుల బొమ్మకి 300 రిజల్యూషన్ (అంగుళానికి ఇన్ని చుక్కలని) పెడితే నీ కంప్యూటర్ లేవదు, అసలు సైజులో 72 ఉంటే దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి సరిపోతుంది. అదే విజిటింగ్ కార్డుకైతే 300 ఉండాల్సిందే, చుట్టూ మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలాల్సిందే. మూడోది: స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టున్న ఆకుపచ్చ సీఎంవైకేలోకి (ప్రింటుకి వాడే నాలుగు రంగుల పద్ధతిలోకి) మార్చగానే నీరుగారిపోతుంది. అది కస్టమర్ అడిగాక కాదు, ముందే చెప్పాలి.

అసలు పాఠం వీటి తర్వాత వస్తుంది. ఆ పదిహేను మొహాల్లో ఎవరిది పెద్దగా ఉండాలి, ఎవరిది పైన, ఎవరు ఎవరి పక్కన ఉండకూడదు? బైక్ మీద వచ్చినాయనకి ఇవన్నీ తెలుసు. కానీ అడిగితే తప్ప చెప్పడు, ప్రింటయ్యాక గొడవ చేస్తాడు. డిజైన్ క్లాసులో ‘విజువల్ హైరార్కీ’ అని స్లైడ్లు వేసి చెప్పేది ఇదే. అక్కడ తప్పు పెడితే మార్కు పోతుంది, ఇక్కడ తప్పు పెడితే ఫ్లెక్సీ మళ్లీ కొట్టాలి. క్లయింటు నోటితో చెప్పని షరతులను ముందే అడిగి రాబట్టడం, పెద్ద ఏజెన్సీల్లో బ్రీఫ్ తీసుకోవడం అంటే పెద్ద కథేమీ కాదు, ఇదే.

ఇంకో పని, చూడ్డానికి చిన్నది. ప్రింట్‌కి పోయే ముందు ఫోన్ నంబర్‌ను ఒక్కో అంకె పైకి చదువు. నువ్వు చదువు, కస్టమర్ తన కాగితంలో చూసుకోవాలి. పెండ్లిపత్రికైతే తేదీ, వారం రెండూ క్యాలెండర్‌లో కలుస్తున్నాయో చూడు. పేర్ల దగ్గర, ఇంటిపేర్ల దగ్గర రెండుసార్లు ఆగు. చివరి ప్రూఫును వాట్సాప్‌లో పంపి ‘ఓకే’ అని రాయించుకోకుండా మెషీన్‌కి ఫైలు ఇవ్వొద్దు. నోటి మాట ఓకే ఎవరికీ గుర్తుండదు. ఈ అలవాటు ఉన్న కుర్రాడిని నేను డిజైన్ కొంచెం అటూ ఇటూగా ఉన్నా తీసుకుంటా.

తెలుగు ఫాంట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిన్ను మిగతావాళ్ల నుంచి వేరు చేసేది ఇదే. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్లే నడుస్తాయి. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో పెట్టినా అవే అక్షరాలు కనిపించే పద్ధతి) కావు. అందులో టైప్ చేసిన మేటర్‌ను తీసి వాట్సాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పెడితే ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. కొత్తగా వచ్చే పిల్లలకి యూనికోడ్ ఒక్కటే తెలుసు, ప్రెస్సులో పెద్దవాళ్లకి అను ఒక్కటే తెలుసు. రెండూ తెలిసినవాడు ఆ షాపులో తొందరగా పనికొస్తాడు. యూనికోడ్‌లో ఉచితంగా, లైసెన్స్ గొడవ లేకుండా వాడుకునే మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి. మండలి, రామభద్ర, ధూర్జటి, సురన్న, రామరాజ, మల్లన్న, ఎన్టీఆర్, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు, టిరో తెలుగు. అన్నీ దించుకుని, ఒకే వాక్యాన్ని ఒక్కోదాంట్లో పెట్టి ప్రింట్ తీసి గోడకి అంటించుకో. ‘క్ష్మి’, ‘స్త్రీ’, ‘ర్ధ్వ’ లాంటివి ఏ ఫాంటులో ఎలా నిలబడుతున్నాయో చూడు. వత్తులు కింది వరుసకి తగులుతున్నాయంటే వరుసల మధ్య దూరం పెంచాలి. ఇంగ్లిష్‌కి సరిపోయిన దూరం తెలుగుకి సరిపోదు. ఫొటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కకి పడుతుంటే సాఫ్ట్‌వేర్ పాడైందని అనుకోకు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకుంటే సర్దుకుంటుంది. పాత వెర్షన్లలో అదే చోట ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది. పేరున్న కంపెనీల తెలుగు హోర్డింగుల మీద కూడా విడిపోయిన వత్తులు కనిపిస్తుంటాయి, హైవే మీద వెళ్తున్నప్పుడు చూడు. తెలుగు చదవడం రానివాళ్లు ఆ ఫైలు తయారు చేశారని అర్థం. అక్కడే నీకు ఉద్యోగం ఉంది.

షాపులో నేర్చుకోకూడనివి కూడా ఉంటాయి. గూగుల్‌లో కనిపించిన బొమ్మను తీసి పెట్టేయడం, పక్క ఊరి స్కూలు లోగోకి రంగు మార్చి ఇచ్చేయడం, పైరసీ సాఫ్ట్‌వేర్. ఓనరుతో వాదించకు, ఆయన బతుకుదెరువు అది. నీ సొంత పనిలో మాత్రం వద్దు. ఇంట్లో ఇంక్‌స్కేప్, క్రిటా, ఫొటోపీ లాంటివి వాడు, ఉచితమే. పోర్ట్‌ఫోలియోలో ఎవరి బొమ్మో కనిపిస్తే చూసేవాళ్లు గుర్తుపడతారు, ఇప్పుడు బొమ్మతో వెతకడం క్షణం పని. ఏఐ బొమ్మల సంగతీ అంతే. ఐడియా చూపించడానికి వాడుకో, కానీ దాంతో తెలుగు అక్షరాలు రాయించి అలాగే ప్రింట్‌కి ఇవ్వకు. అవి తెలుగులా కనిపిస్తాయి, చదవబోతే చాలాసార్లు తెలుగు కాదు.

షాపులో కొన్నాళ్లయ్యాక, ఒకే ఒక్క క్లయింటును నీ అంతట నువ్వు పట్టుకో. మేనమామ కిరాణా కొట్టో, వీధి చివర టిఫిన్ సెంటరో, బత్తాయి తోట ఉన్న బంధువో, పోచంపల్లిలో చీరలు నేసి ఇన్‌స్టాలో అమ్ముకునే కుటుంబమో. లోగో చేస్తానని వెళ్లకు. వాళ్లకి లోగో అక్కర్లేదు. ‘మీకు అమ్మకంలో ఎక్కడ ఇబ్బందవుతోంది’ అని అడుగు. చీరలవాళ్లు చెప్పేది బహుశా ఇలా ఉంటుంది: ఫొటోలో రంగు వేరుగా వచ్చి చీర వాపస్ వస్తోంది, ప్రింటు చీరకీ నేసిన ఇక్కత్‌కీ తేడా కొనేవాళ్లకి తెలియట్లేదు. మొదటిదానికి కిటికీ పక్కన పగటి వెలుతురులో తీసిన ఫొటో కావాలి. రెండోదానికి చీర ముందువైపు, వెనకవైపు పక్కపక్కన పెట్టిన ఒక బొమ్మ చాలు. నేసిన దాంట్లో డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది, అద్దిన దాంట్లో వెనక వెలిసినట్టుంటుంది. ఇది డిజైన్ కాదా అంటే, నా దృష్టిలో లోగో కంటే పెద్ద డిజైన్.

నన్నడిగితే మన ప్రాంతపు కుర్రాడు పట్టుకోవాల్సిన వస్తువు బియ్యం సంచి. మిర్యాలగూడ నిండా రైస్ మిల్లులే. ఒక్కో మిల్లుకి ఒక్కో బ్రాండ్, ఒక్కోదానికి రెండు మూడు రకాలు. ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడు. సంచులు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటాయి. ముందువైపు ఎంతో ఖర్చుపెట్టి వేయించిన దేవుడి బొమ్మ, వరి కంకులు, బంగారు అక్షరాలు కొట్లోకి వచ్చినవాళ్లకి కనిపించవు. కనిపించేది సంచి అంచు, కుట్టు ఉన్న వైపు. అక్కడ పేరు ఉండదు, ఉన్నా తలకిందులుగా ఉంటుంది. ఆ ఒక్కటి గమనించి అంచు మీద పేరు చదివేలా పెట్టి ఒక నమూనా చేసి, మిల్లు సేటు ముందు పెట్టు. ఒప్పుకుంటాడా లేదా అన్నది వేరే సంగతి, మాట మాత్రం ఆగి వింటాడు.

అదే సంచి మీద ఇంకా చాలా నేర్చుకోవచ్చు. లామినేషన్ చేసిన మెరిసే సంచిని గ్రేవ్యూర్ పద్ధతిలో కొడతారు, ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కాలి. అంటే నువ్వు సరదాగా కలిపిన ఏడో రంగుకి సేటు జేబులోంచి డబ్బు పోతుంది. కాబట్టి నాలుగు రంగుల్లో ఎలా తేల్చాలో ఆలోచించు. వెనకవైపు చదువు. మిల్లు పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, ఆకుపచ్చ చుక్క. ఇవి చట్టం అడిగేవి, నీ ఇష్టం కాదు. వాటికి చోటు వదిలాకే నీ కళ. 26 కిలోల సంచి ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కిలో పెంచితే పన్ను పరిధి దాటిపోతుంది. అందుకే 26. బీకాం చదివే నీకు ఇది పన్నుల క్లాసులో వచ్చే విషయం. కానీ సంచి సైజు, అక్షరాల సైజు, దుకాణంలో పేర్చే తీరు అన్నీ దానితో మారాయి. డిజైన్ మాత్రమే చదివిన పిల్లలు ఈ లింకు చూడలేరు.

అక్కడే ఒక జాగ్రత్త కూడా. ఆర్ఎన్ఆర్ 15048 అనే తెలంగాణ సోనా రకానికి గ్లైసిమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే లెక్క) తక్కువని పేరుంది. దాంతో సేటు ‘సంచి మీద షుగర్ తగ్గిస్తుందని రాయి తమ్మీ’ అంటాడు. రాయకు. జబ్బు నయమవుతుందని ప్రకటనల్లో చెప్పడం మీద 1954 నాటి చట్టం ఒకటి ఉంది, ఆ జబ్బుల జాబితాలో షుగర్ ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇవి కాక 1985 నుంచి ప్రకటనల రంగం తనకి తాను పెట్టుకున్న కౌన్సిల్ ఏఎస్‌సీఐ ఉంది, వాళ్ల నియమావళి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక ఆదివారం కూర్చుని చదువు. ఇంటర్వ్యూలో ‘ఈ మాట ఎందుకు రాయలేదంటే’ అని నువ్వు చెప్పగలిగితే ఎదుటివాడు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతాడు.

ఇక మాటల సంగతి, పీయూష్ పాండే దగ్గర ఆపాను కదా. ఆయన చేసిన పెద్ద పని, ఇంగ్లిష్‌లో ఆలోచించి హిందీలోకి దించే యాడ్ల కాలంలో వీధిలో మాట్లాడుకునే హిందీలోనే ఆలోచించడం. తెలుగులో ఆ ఖాళీ ఇప్పటికీ చాలావరకు అలాగే ఉంది. దేశమంతా నడిచే యాడ్‌లో తెలుగు చివర్లో వస్తుంది, ఎవరో ఒకరు రాత్రికి రాత్రి పెదవుల కదలికకి సరిపోయేలా మార్చి పంపుతారు. వింటుంటే ఏదో ముళ్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మీ నాయనమ్మ కూరగాయలవాడితో బేరమాడే మాట, కండక్టర్ జనాన్ని లోపలికి జరగమనే మాట నీ చెవిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో పెరిగిన నీ పోటీదారు దగ్గర అవి తక్కువ. అలాగని ప్రతిదానికీ నల్గొండ యాస పెట్టకు. బ్యాంకు యాడ్‌లో యాస పెడితే వెక్కిరించినట్టు అవుతుంది, విత్తనాల యాడ్‌లో పెట్టకపోతే పరాయివాడు మాట్లాడినట్టు అవుతుంది. ఎక్కడ ఏది అన్న తూకం చెవికి తెలియాలి.

దానికి సాధన ఏమిటంటే, పొద్దున పేపర్‌లో పడే కరపత్రాలు పారేయకు. స్కూళ్లు, ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, చీరల ఎగ్జిబిషన్లు. ఒక్కోదాన్ని సగం మాటల్లో మళ్లీ రాయి. ‘అత్యుత్తమ విద్యాబోధన, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయ బృందం’ అని ప్రతి స్కూలూ రాస్తుంది. ఏ తల్లీ దాన్ని చదివి పిల్లని చేర్చదు. బస్సు ఏ ఊళ్లకి వస్తుంది, సాయంత్రం ఎన్నింటికి దింపుతుంది, ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టొచ్చు, ఇవి చూస్తుంది. తర్వాత, వీధుల్లో మైకు కట్టుకుని తిరిగే ఆటో ప్రచారం ఉంది కదా, దానికి 30 సెకన్ల స్క్రిప్టు రాసి ఫోన్‌లో రికార్డు చేసి విను. తెలుగులో సుమారు 50 మాటలు దాటితే గబగబా చదవాల్సి వస్తుంది. ఆటో కదులుతుంటుంది కాబట్టి ఇంట్లో ఉన్నవాళ్లకి మధ్యలో పది సెకన్లే వినిపిస్తుంది. ఆ పది సెకన్లు ఎక్కడివైనా షాపు పేరు, చోటు అందులో పడాలి. రేడియో యాడ్ రాసేవాళ్లకి కూడా ఇంత కష్టమైన పరీక్ష ఉండదు.

డబ్బు గురించి. బంధువైనా సరే ఉచితంగా చేయకు. ఎంతో కొంత తీసుకో, సగం ముందే. ఉచితంగా చేసిన పనికి ఇరవై మార్పులు చెప్తారు, ఐదు వందలు ఇచ్చినవాడు మూడు చెప్తాడు. మార్పులు ఇన్నిసార్లే అని మొదట్లోనే అనుకోండి. ప్రింటయ్యాక వదిలేయకుండా వెళ్లి చూడు. కరపత్రంలో ఒక మూల ‘ఇది చూపిస్తే ఇంత తగ్గింపు’ అని పెడితే, వాపస్ వచ్చినవాటిని కొట్టు ఆయన డబ్బాలో వేసి ఉంచుతాడు, ఎన్నో లెక్కపెట్టు. వెయ్యి పంచితే ఆరు వచ్చాయా, అరవై వచ్చాయా? ఆరే వస్తే అదీ చెప్పు, ఎందుకు రాలేదనుకుంటున్నావో చెప్పు. పోర్ట్‌ఫోలియోలో అలాంటి పేజీ నాకు ఇంతవరకు చాలా అరుదుగా కనిపించింది.

పోర్ట్‌ఫోలియోలో ఐదారు పనులు చాలు. ఒక్కోదానికి: వాళ్ల ఇబ్బంది ఏమిటి, కాగితం మీద గీసిన తొలి గీతలు, చివరికి తయారైంది, అది రోడ్డు మీదో కొట్లోనో ఉన్నప్పటి నిజమైన ఫొటో. ముప్పై బర్త్‌డే ఫ్లెక్సీలు పెట్టకు, ఒకటి పెట్టి ఆ మొహాల కథ చెప్పు, నవ్వుతారు, గుర్తుపెట్టుకుంటారు. ఎవరూ అడగకుండా నీ అంతట నువ్వు చేసిన బియ్యం సంచి లాంటిదైతే ‘ఇది సొంతంగా చేసింది’ అని స్పష్టంగా రాయి. షాపులో ఇంకొకరితో కలిసి చేసిందైతే నీ వాటా ఎంతో రాయి. బీహాన్స్‌లో (డిజైన్ పనులు పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టు, చిన్న పీడీఎఫ్ కూడా ఉంచుకో, ఫోన్‌లో తెరిచి చూసేవాళ్లే ఎక్కువ.

అప్పుడు వేసవి సెలవులకి రెండు నెలల ముందు హైదరాబాద్‌కి మెయిళ్లు పెట్టు. పెద్ద పేర్లకి ఒకటి రెండు, పది ఇరవై మంది పనిచేసే చిన్న ఏజెన్సీలకి ఎక్కువ. చిన్నచోట నీకు పని చెప్తారు, పెద్దచోట సీటు చూపిస్తారు. మెయిల్ ఐదు వాక్యాలు మించొద్దు: ఎవరు, ఏం చేశా, లింకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలను, తెలుగు రాయడం, టైప్ చేయడం వచ్చు. చివరి మాట మర్చిపోకు. ఇంట్లో ఒప్పుకోకపోతే వారానికి రెండు రోజులు వచ్చి మిగతాది ఇంటి నుంచి చేస్తానని అడుగు. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లర, ప్రొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు నెలలు స్టైపెండ్ లేకుండా చేయడం నా ఉద్దేశంలో గరిష్ఠం, అది కూడా పని నిజంగా నేర్పితేనే. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అని ఎవరైనా నిన్నే డబ్బు అడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు, ఫోన్ పెట్టేయ్. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం గురించి కూడా ఎవరో ఒకరు నీకు చెప్తారు. మొదలైనప్పుడు అది రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదువుతున్నవాళ్లకి వర్తించలేదు, ఇప్పటి నిబంధనలు చూసుకుని నిర్ణయించుకో.

చదువు వైపు వెళ్లాలనుకుంటే దారి మూసుకుపోలేదు. బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఉంది, కానీ నీకు అది మళ్లీ మొదటి నుంచి డిగ్రీ. మూడేళ్ల ఏ డిగ్రీతోనైనా సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష) రాయొచ్చు, ఎం.డిజైన్ సీటుకి అర్హత మాత్రం ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకో; కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఆ పరీక్షలో చూసే చేతి స్కెచ్చింగ్, గమనించే చూపు ఇప్పటినుంచే రోజుకో పేజీ గీస్తే వస్తాయి. ఆర్టీసీ బస్టాండులో కూర్చుని మనుషుల్ని గీయి, మోడల్స్‌కి కొదవ లేదు. ప్రకటనల వ్యూహం, ప్లానింగ్ వైపు మనసుంటే అహ్మదాబాద్‌లో మైకా అనే ప్రకటనలు, మార్కెటింగ్ నేర్పే సంస్థ ఉంది, ఫీజు మాత్రం బాగా ఎక్కువ. డీ అండ్ ఏడీ న్యూ బ్లడ్ అని విద్యార్థుల పోటీ ఒకటి ప్రతి ఏడాదీ నిజమైన కంపెనీల బ్రీఫులు బయటపెడుతుంది. పోటీకి పంపకపోయినా ఆ బ్రీఫులు చదివి, మన ఊళ్లో అదే పని ఎలా చేస్తావో రాసి చూసుకో.

ల్యాప్‌టాప్ అడిగావు. ఇప్పుడే కొనకు, సీజన్ మొత్తం షాపు కంప్యూటర్ మీద చేయి. ఆ తర్వాత కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ చూసుకో. స్క్రీన్ రంగులు సరిగ్గా చూపించేది తీసుకో, గేమింగ్ లైట్లకి డబ్బు పెట్టకు. సెకండ్‌హ్యాండ్ అయినా ఫర్వాలేదు, బ్యాటరీ, ఛార్జర్ చెక్ చేయించుకుని తీసుకో. మిగిలిన డబ్బులో ఒక స్కేలు, ప్యాంటోన్ (ఖరీదైన రంగుల నమూనా పుస్తకం) కాకపోయినా ఒక సీఎంవైకే రంగుల చార్టు, నాలుగు స్కెచ్‌బుక్కులు కొను. మొదటి ప్రూఫు తయారయ్యాక ప్రింట్‌కి ఇచ్చే ముందు ఈ ప్రశ్న అడిగిన చోటే పెట్టు, ఫోన్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టు.